కోమలి మేడం చెబితేనే

"నీ మెయిల్ ఏందో అప్‌డేట్ అడిగితే చేసేసినాలే," అన్నాడు సుకుమార్, నోట్లో బ్రష్ తియ్యకుండానే.

కోమలి అప్పుడు చెనిక్కాయల పచ్చడికి తాలింపు పెడుతూ ఉంది. ఇడ్లీలు దించాలి, అత్తగారి మోకాళ్ళ కాపడానికి నీళ్ళు కాగబెట్టాలి, టిఫిన్ డబ్బాలు రెండు సర్దాలి. ఆవాలు చిటపటలాడుతున్నాయి కాబట్టి మొగుడి మాట సగమే వినబడింది. ఆ సగమే చాలింది. చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది.

"ఏం అప్‌డేటు?"

"మీ బ్యాంకుదేలే. ఈ పొద్దు చెయ్యకపోతే మెయిల్ ఆగిపోతుందని వచ్చింది. నీకు చెప్తే సాయంత్రం దాకా నానబెడతావు గదా, నేనే కొట్టేసినా. తాలింపు మాడిపోతా ఉండాది సూడు."

తాలింపు మాడనే మాడింది. మాడిన వాసన హాల్లోకి పోగానే అత్తగారు అలివేలమ్మ అందుకుంది. "ఉద్యోగాలు సేసే ఆడోళ్ళు పొయ్యికాడ నిలబడితే ఇట్లనే ఉంటాది. మనసు యాడో, మనిషి యాడో!" మనసు యాడుందో ఆవిడకు తెలిస్తే ఇంకేమనేదో. కోమలి మాడిన ఆవాలు పారబోసి, మళ్ళీ నూనె పోసింది. లోపల మాత్రం ఒకటే మాట తిరుగుతోంది, ఈ పొద్దు చెయ్యకపోతే ఆగిపోతుంది, ఈ పొద్దు చెయ్యకపోతే ఆగిపోతుంది.

ఆ మాటకు ఆమె గుండె అంతగా ఎందుకు జల్లుమందో తెలియాలంటే ఆమె ఉద్యోగం ఏమిటో చెప్పుకోవాలి. పుత్తూరులో ఒక బ్యాంకు బ్రాంచి తరఫున చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, పొదుపు సంఘాల ఆడవాళ్ళను కూర్చోబెట్టి, దొంగ మెయిళ్ళు ఎట్లా వస్తాయి, దొంగ ఫోన్లు ఎట్లా వస్తాయి, ఓటీపీ ఎందుకు నోరు దాటకూడదు అని చెప్పడమే కోమలి పని. "ఈ రోజే ఆగిపోతుంది, ఇప్పుడే నొక్కండి అని మిమ్మల్ని తొందర పెట్టేవాడే దొంగ" అనే ముక్కతోనే ఆమె ఏ ఊళ్ళోనైనా మొదలుపెడుతుంది. ఆ ముక్క ఇంట్లో మాత్రం ఎన్నడూ చెప్పలేదు. చెబితే వినేదెవరు? ఇంట్లో కంప్యూటర్ సారే ఉన్నాడాయె!

అవును, సుకుమార్ ఊళ్ళో ప్రైవేటు జూనియర్ కాలేజీలో కంప్యూటర్ సారు. పుత్తూరు బజార్లో నడిచిపోతుంటే పిల్లలు బండ్లు ఆపి నమస్కారం పెడతారు. ఆ సారు పరీక్ష పేపర్లు టైపు కొట్టేది కోమలి. ఆయనకు నడుము నొప్పి, కూర్చోలేడు. క్రికెట్ చూసేటప్పుడు కూర్చోగలడు, అది వేరే నొప్పి. అంత టైపు కొట్టగలిగిన మనిషికి బ్యాంకువాళ్ళు మెయిల్ ఇచ్చిన రోజు, "ఇట్లియ్యి, నీకు తెలియదు," అని ఫోను లాక్కుని అన్నీ ఆయనే పెట్టేశాడు. పాస్‌వర్డ్ ఆయన పెట్టిందే, నంబరు ఆయనదే, ఆ మెయిల్ ఆయన ఫోన్లోనూ తెరుచుకునేట్టు ఏర్పాటు కూడా ఆయనదే. "ఆడదాని నంబరు ఊరందరి చేతుల్లో ఎందుకు? నాది ఇచ్చినాలే." ఇది ఒక్క సుకుమార్ తెలివే అనుకునేరు. ఆ చుట్టుపక్కల గ్యాసుకైనా, బడికైనా, బ్యాంకుకైనా ఆడమనిషి పేరు పక్కన మొగుడి నంబరే రాయిస్తారు. అదొక మర్యాద. ఒకసారి పాస్‌వర్డ్ ఏమిటని అడిగింది కోమలి. "నీకెందుకే ఇవన్నీ, నేను చూసుకుంటా గదా. మీ ఆడోళ్ళ నోట్లో నువ్వుగింజ నానదు, యాడన్నా వాగేస్తావు," అన్నాడు నవ్వుతూ. ఆమె కూడా నవ్వింది. ఆమె ఫోన్లో మెయిల్ ఎప్పుడూ తెరిచే ఉండేది, పాస్‌వర్డ్ అడిగేదే కాదు. తలుపు తెరిచి ఉన్న ఇంట్లో తాళంచెవి ఎవరి దగ్గరుందని ఎవరడుగుతారు?

బయలుదేరేటప్పుడు చెప్పులేసుకుంటూ, వీలైనంత మెత్తగా అడిగింది. "పొద్దున వచ్చిన ఆ మెయిల్ ఒక్కసారి చూపిస్తారా?"

"ఏందే, పోలీసు విచారణా? పనైపోయింది గదా, తీసేసినా. కంప్యూటర్ సారుకు పాఠాలు చెప్పొద్దు, నీ పొదుపు సంఘాలకు చెప్పుకో పో."

కార్వేటినగరం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా కోమలికి గాలి ఆడలేదు. ఫోను తీసి మెయిల్ చూసింది. తెరుచుకుంది. ఎప్పటిలాగానే ఉంది. ఉత్త భయం, నిజంగా బ్యాంకు పంపిందేమో, ఆయన చదువుకున్నవాడు, ఆ మాత్రం తెలియదా అని మనసుకు సర్దిచెప్పుకుంది. రెండు స్టాపులు దాటగానే మళ్ళీ తీసి చూసింది. బ్రాంచికి ఫోను చేసి, సార్, ఇవాళ మనవాళ్ళేమైనా అప్‌డేటు పంపించారా అని అడిగితే తేలిపోతుంది. కానీ అడగ్గానే, ఎందుకమ్మా, ఏం నొక్కావు అంటారు. నేను కాదు సార్, మా ఆయన అనాలి. మీ ఆయన చేతికి బ్యాంకు మెయిల్ ఎట్లా వచ్చింది అంటారు. కాంట్రాక్టు కాగితంలో స్పష్టంగా ఉంది, పాస్‌వర్డ్ ఇంకొకరి చేతికి ఇస్తే ఉద్యోగం లేదు. ఆ ఉద్యోగమో, దసరా పూజకు బ్రాంచిలో ముగ్గు వెయ్యాలంటే కోమలి, పైనుంచి ఎవరైనా వస్తే కాఫీ చెప్పాలంటే కోమలి, ప్రింటరు పక్కన వేడిలో ఒక కుర్చీ, అంతే. అయినా ఊళ్ళలోకి వెళ్తే ఆడవాళ్ళు "కోమలి మేడం వచ్చింది" అని లేచి చాప పరుస్తారు. అత్తగారింట్లో ఏ గదిలోనూ ఆమె కోసం ఎవరూ లేచింది లేదు. ఆ చాప కోసమే ఆమె ఈ ఉద్యోగం చేస్తోందంటే తప్పు లేదు. ఫోను సంచిలో పెట్టేసింది. మళ్ళీ తీసింది.

ఆ ఊళ్ళో సంఘం కూడేది అంగన్‌వాడీలో. పిల్లల చిట్టి కుర్చీలు గోడకు జరిపి అందరూ కింద కూర్చున్నారు. ముందు వరసలో సిద్ధమ్మ, ఎడమ చేతికి పుత్తూరు కట్టుతో. ఆవు తోసిందట, మణికట్టు విరిగిందట, అయినా మీటింగు మానలేదు. లెక్కలు రాసే పిల్ల అమల, కాలేజీ చదువు, గోడకానుకుని ఫోనులో ఏదో చూసుకుంటూ ఉంది. కోమలి ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగింది.

"ఎవరు ఏ మెయిల్ పంపినా, ఏ మెసేజ్ పంపినా మనమేం చెయ్యాలి?"

"నొక్కబళ్ళేదు!"

"మరి ఎవరు చెబితే నొక్కాలి?"

"కోమలి మేడం చెబితేనే!" అందరూ ఒక్క గొంతుతో అరిచారు.

ఈ మాట కట్టింది కోమలే. వందసార్లు జాగ్రత్తలు చెప్పినా గుర్తుండవు, ఒక్క మాట గుర్తుంటే చాలు, ఏ అనుమానం వచ్చినా నన్నడగండి అని ఆమె ఉద్దేశం. మొన్నటిదాకా ఆ అరుపు వింటే ఒళ్ళు పొంగేది. ఈ రోజు ఎందుకో చెవుల్లో గరగరమంది.

తర్వాత ఓటీపీ గురించి మొదలుపెట్టింది. "అది ఎవరికీ చెప్పకూడదు. బ్యాంకువాళ్ళమని అడిగినా చెప్పకూడదు. కన్నకొడుకు అడిగినా..."

"ఒక్క మాట పాపా," అని సిద్ధమ్మ కట్టు చెయ్యి పైకెత్తింది. "ఎవురికీ సెప్పబాకండి, ఎవురికీ సెప్పబాకండి అంటావుండావు నువ్వు, బాగుండాది. ఆ నంబరు నాకు రాదు గదా, మా ఇంటాయనకు వస్తాది. ఆయప్ప నాకు సెప్పడు. నాకు సెప్పినోళ్ళే లేరంటే నేనింగ ఎవురికి సెప్పేది?"

అంగన్‌వాడీ అంతా ఘొల్లుమంది. "మా ఇంట్లోనూ అంతే మేడమా!" "మాకూ అంతే!" అంటూ ఒకరి భుజం ఒకరు తట్టుకుని నవ్వారు. కోమలీ నవ్వబోయింది. కానీ ఆ మాట తన ఇంటి వంటగదిలోంచి వచ్చినట్టే అనిపించింది. దాన్ని పక్కకు నెట్టి, "సరే, దొంగ మెయిల్ ఎట్లా ఉంటుందో ఒకటి చూపిస్తా," అని ఫోను తీసింది.

మెయిల్ తెరుచుకోలేదు. మీ పాస్‌వర్డ్ మార్చబడింది, కొత్త పాస్‌వర్డ్ ఇవ్వండి అని ఒక ఖాళీ గడి మిణుకు మిణుకుమంటూ కనబడింది.

"మేడం, చూపించబళ్ళేదులే," అంది అమల ఉత్సాహంగా ముందుకు జరిగి. "పొద్దున మీరు పంపించింది వచ్చింది గదా, నేనే ఫస్టు! సంఘంలో అందరి వివరాలూ నింపేసినా. ఖాతాలు, ఆధార్లు, పుట్టిన తేదీలు, ఫోన్ నంబర్లు, అన్నీ. సిద్ధవ్వకు కూడా నేనే నింపినా."

"నేను పంపించానా?"

అమల ఫోను చూపించింది. కోమలి పేరు, కోమలి ఫొటో, కింద కోమలి రోజూ పెట్టే సంతకం. పొదుపు సంఘాల ఖాతాలన్నీ ఇవాళే సరిచూసుకోవాలి, లేకపోతే ఆగిపోతాయి, కింద నొక్కండి అని ఉంది. అది ఒక్క అమలకే కాదు, ఆ మెయిల్లో పేర్లున్న ప్రతి సంఘానికీ పోయింది. అన్ని ఊళ్ళకూ పోయింది. దేన్నీ నొక్కొద్దని వాళ్ళకు నేర్పిన మనిషే నొక్కమంటూ ఉంటే ఎవరు ఆగుతారు? కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకుంటారు?

కోమలి "ఒక్క నిమిషం," అని బయటికొచ్చి సుకుమార్‌కు ఫోను చేసింది. క్లాసులో ఉన్నట్టున్నాడు, మూడోసారికి ఎత్తాడు.

"పొద్దున మీరు చేసింది దొంగ మెయిలండీ. పాస్‌వర్డ్ వాళ్ళకు పోయింది. వాళ్ళు నా పేరుతో అందరికీ పంపించారు. మీ ఫోనుకు వచ్చిన కోడు కూడా కొట్టారా?"

అవతల పిల్లల గోల. గొంతు తగ్గించి అన్నాడు. "అరవబాక. అడిగింది, కొట్టినా. ఏమంత కొంప మునగలేదు. సాయంత్రం నేనొచ్చి సరిచేస్తా. నువ్వు ఆడ ఎవురికీ ఏం చెప్పబాక, తెలిసిందా? బ్రాంచికి అసలే చెప్పబాక. నా పరువు పోతుంది."

"సాయంత్రానికి ఖాతాలు ఖాళీ అవుతాయండీ!"

"చెప్పింది విను. నోరు మూసుకో." ఫోను పెట్టేశాడు.

నోట్లో నువ్వుగింజ నానదన్న మనిషి ఇప్పుడు నోరు మూసుకోమంటున్నాడు. కోమలి అంగన్‌వాడీ గోడ మీద గీసిన చిలక బొమ్మ దగ్గర నిలబడిపోయింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే ఉద్యోగం పోతుంది, ఇంట్లో నరకం. చెప్పకపోతే లోపల కూర్చున్న ఆడవాళ్ళ డబ్బు పోతుంది. తొమ్మిదేళ్ళ కాపురంలో మాట దాచడం ఆమెకు కొత్త కాదు. ఆయన ఉద్యోగం మధ్యలో పోయి ఇంట్లో కూర్చున్న రోజుల్ని పుట్టింటికి తెలియకుండా దాచింది. తన జీతంతో కట్టిన ఇంటద్దెను అత్తగారికి తెలియకుండా దాచింది. కొడుకు సంపాదనే అనుకుని ఆవిడ పదిమందిలో చెప్పుకుంటుంటే పక్కనే కాఫీ గ్లాసులు కడుగుతూ విన్నది. ఇన్ని దాచిన నోటికి ఇదొక్కటి బరువా అని ఒక్క క్షణం, ఒక్క క్షణమే, అనిపించిన మాట నిజం.

తిరిగి లోపలికి వచ్చి, "సిద్ధమ్మా, మీ ఆయనకు ఫోను చెయ్యి. ఎవరైనా నంబరు అడిగితే చెప్పొద్దని చెప్పు. తొందరగా," అంది. అమల తన ఫోను నుంచి కలిపి, అందరికీ వినబడేట్టు పెట్టింది. సిద్ధమ్మ మొగుడు చెంగయ్య మామిడితోటలో కాపలా ఉంటాడు.

"ఏందే?" అన్నాడు చెంగయ్య.

"ఎవురన్నా ఫోను సేసి నంబరు అడిగితే సెప్పబాకు నాయనా. దొంగోళ్ళంట."

"ఇప్పుడే సేసినార్లే. కోమలి మేడం ఆఫీసు నుంచంట. సెప్పేసినా."

"అయ్యో, సెప్పేసినావా? అది నా పాల దుడ్డు గదా! మేడం ఈడనే ఉండాది, సెప్పబళ్ళేదంటా ఉండాది!"

"నీకెందుకే ఇయ్యన్నీ! నేను సూసుకుంటా గదా!"

అదే మాట. మామిడితోటలోంచి వచ్చినా, పుత్తూరు కాలేజీలోంచి వచ్చినా అదే మాట. సిద్ధమ్మ నోరు తెరుచుకుని ఫోను వైపు చూస్తూ ఉండిపోయింది. పాలు పోసి, పేడ ఎత్తి, మణికట్టు విరగ్గొట్టుకుని కూడబెట్టిన డబ్బు ఎవడో అడిగితే మొగుడు రెండు ముక్కల్లో ఇచ్చేశాడు, పైగా నీకెందుకన్నాడు. ఆ ముఖం చూశాక కోమలికి ఇంక ఆలోచించాల్సింది ఏమీ మిగల్లేదు.

అక్కడే, అందరి ముందే, బ్రాంచి మేనేజరు దేవనాథన్‌కు ఫోను చేసింది. "సార్, ఈ సంఘంలో అందరి ఖాతాలూ ఇప్పుడే ఆపించండి. సిద్ధమ్మది ముందు. మిగతా సంఘాలవి కూడా."

"అన్నీనా? ఎందుకమ్మా? ఊరికే ఆపితే పైవాళ్ళు నన్నడుగుతారు కదా. ఏదో ఒక కారణం చెప్పాలి."

"నా మెయిల్ దొంగల చేతిలో ఉంది సార్. నా పేరుతో అందరికీ పంపించారు. మీరు ఆపండి, మిగతాది వచ్చి చెబుతాను."

దేవనాథన్ ఇంకో మాట అడగలేదు. ఆ విషయంలో ఆయన మంచివాడే. కోమలి వెంటనే సైబర్ ఫిర్యాదుల నంబరు 1930కి కలిపి సిద్ధమ్మ చేత చెప్పించింది. చుట్టూ ఆడవాళ్ళు ఎవరికి వాళ్ళు మొగుళ్ళకు, కొడుకులకు ఫోన్లు చేస్తున్నారు. ఒకడు ఎత్తడు. ఒకడు "మీటింగులకు పోతే ఇట్లనే బుర్ర సెడతాది" అని తిట్టి పెట్టేశాడు. ఒకామె మొగుణ్ణి అంతకంతా తిట్టి, "సెప్పినావంటే ఈ పూట నీకు సంగటి లేదు" అని బెదిరించింది. ఆ బెదిరింపు పనిచేసింది.

అమల ఏడుస్తోంది. "నేనే గదా మేడం అందరివీ నింపింది. మీ పేరు చూసి నింపేసినా."

"నీ తప్పు కాదమ్మా," అంది కోమలి. "ఆ ఫోను ఇట్లియ్యి. సంఘాల గ్రూపుల్లో నా గొంతు పంపిద్దాం."

ఫోను నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడింది. "నేను కోమలిని. ఇన్నాళ్ళూ కోమలి మేడం చెబితేనే నొక్కండి అని మీకు నేర్పినాను. అది తప్పు. నా పేరు ఇప్పుడు దొంగల చేతిలో ఉంది. నా పేరుతో ఏం వచ్చినా నొక్కొద్దు. నా ఆఫీసని ఎవరు ఫోను చేసినా మీ ఇంటాయన ఆ ఓటీపీ వాళ్ళకు చెప్పకూడదు. ఇప్పుడే పోయి చెప్పండి. తిడితే తిట్టించుకోండి గానీ, చెప్పకుండా ఊరుకోవద్దు." ఆ గొంతు ఊరి నుంచి ఊరికి పోయింది.

పుత్తూరు బ్రాంచికి వచ్చేసరికి సాయంత్రమైంది. కౌంటర్లు మూసేశారు. దేవనాథన్ తన గదిలో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించి, పొద్దున్నుంచి జరిగిందంతా విన్నాడు. అందరి ఖాతాలూ ఆగాయి. ఒక్క సిద్ధమ్మ డబ్బు మాత్రం ఆపే లోపల కొంత వెళ్ళిపోయింది. ఫిర్యాదు నమోదైంది, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. అది వినగానే పుత్తూరు కట్టు కట్టిన ఆ చెయ్యి కోమలి కళ్ళముందు ఆడింది.

"ఇప్పుడు హెడ్డాఫీసు నుంచి ఫోన్ వస్తుంది," అన్నాడు దేవనాథన్ కళ్ళజోడు తుడుచుకుంటూ. "నీ మంచికోసం చెబుతున్నానమ్మా. తెలియక నేనే నొక్కాను అని చెప్పు. ఒక హెచ్చరిక, మళ్ళీ ఒక ట్రైనింగు, అంతటితో పోతుంది. పాస్‌వర్డ్ ఇంకొకరి దగ్గరుంది అన్నావనుకో, కాంట్రాక్టు రద్దు. నేనేం చెయ్యలేను. ఆలోచించుకో."

ఆయన అలా బయటికి వెళ్ళగానే సుకుమార్ లోపలికి వచ్చాడు. ఇంతసేపూ అద్దాల తలుపు బయటే నిలబడి అంతా విన్నాడట. చొక్కా నలగలేదు, ముఖం మాత్రం నలిగింది.

"మేనేజరు చెప్పింది కరెక్టే. నువ్వే నొక్కినట్టు చెప్పేసెయ్. నువ్వు ఆడదానివి, తెలియక చేసినావంటే ఎవురూ ఏమనుకోరు. నేను కంప్యూటర్ సార్ని. నాకు తెలియలేదంటే కాలేజీలో ఎట్లా తలెత్తుకునేది? అమ్మ కూడా అదే అంటా ఉండాది. ఇంట్లో మాట ఇంట్లోనే ఉండాల, ఆడది సర్దుకుంటే కొంప నిలబడతాదంట."

కోమలి ఆయన చొక్కా జేబులోకి చూసింది. అందులో ఫోను ఉంది. పొద్దున తలుపు తెరుచుకున్నది ఆ ఫోన్లోనే. సంఘాల ఆడవాళ్ళందరి పేర్లూ దాంట్లోకే పోతాయి, అత్తగారి పెన్షను ఖాతా కూడా దాంట్లోనే. తాను నొక్కానని అబద్ధం చెబితే వాళ్ళు తన ఫోను తీసుకుని శుభ్రం చేసి ఇస్తారు. ఈ ఫోను ఈ జేబులోనే ఉంటుంది, తలుపు తెరిచే ఉంటుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈయన దొంగ కాదు. దొంగకు తాళం ఇచ్చి, నాకంతా తెలుసు అనుకునే మనిషి. సిద్ధమ్మ మొగుడు కూడా అంతే.

"ఏం మాట్లాడవే?" అన్నాడు.

"మీరు నోరు మూసుకోమన్నారు గదండీ," అంది.

దేవనాథన్ తిరిగి వచ్చాడు. ఫోను మోగింది. బల్ల మీద పెట్టి, అందరికీ వినబడేట్టు నొక్కాడు. సుకుమార్ వెళ్ళకుండా అద్దాల తలుపు దగ్గరే ఆగాడు. అవతల ఒక ఆడ ఆఫీసరు గొంతు, అలసిపోయిన గొంతు, వరసగా అడుగుతోంది. ఏ ఊళ్ళో ఉన్నారు, ఎప్పుడు తెలిసింది, వెంటనే ఎవరికి చెప్పారు. కోమలి అన్నిటికీ చెప్పింది. అవతల కీబోర్డు టకటకలాడుతూనే ఉంది.

"ఇప్పుడు ఆలోచించి చెప్పండి. మీ పాస్‌వర్డ్ మీరు ఎవరికైనా చెప్పారా?"

దేవనాథన్ తల దించుకుని బల్ల మీద కాగితాలు సర్దాడు. సుకుమార్ తలుపు దగ్గర్నుంచి, లేదను, లేదను అన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"లేదు మేడం. నేనెవరికీ చెప్పలేదు," అంది కోమలి.

సుకుమార్ ఊపిరి వదలడం గది అంతా వినబడింది.

"నాకే ఎవరూ చెప్పలేదు మేడం. నా మెయిల్‌కు పాస్‌వర్డ్ ఏమిటో ఇన్నేళ్ళలో నాకు తెలియదు."

కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. ఆఫీసరు గొంతు మారింది, కొంచెం దగ్గరికి వచ్చినట్టుగా. "మొత్తం చెప్పండి."

కోమలి చెప్పింది. పాస్‌వర్డ్ ఎవరు పెట్టారు, నంబరు ఎవరిది, పొద్దున మెయిల్ ఎవరి ఫోన్లో తెరిచారు, ఆ ఫోను ఇప్పుడు ఎక్కడుంది. మొగుడి పేరు తొమ్మిదేళ్ళలో మొదటిసారి పైకి పలికింది. ఏడవలేదు. అరవలేదు. తాలింపు మాడిందన్నది కూడా చెప్పబోయి ఆగింది.

"మీ మీద చర్య ఉంటుంది. కాంట్రాక్టు పోవచ్చు. తెలుసు కదా?"

"తెలుసు మేడం. ఆ ఫోను మాత్రం ఈ రోజే చూడండి. అందులో మా సంఘాల వాళ్ళందరూ ఉన్నారు."

"చూస్తాం. ముందు మీ ఖాతా మీ చేతికి ఇస్తాను. కోడు పంపాలి, ఏ నంబరుకు పంపమంటారు?"

కోమలి తన నంబరు చెప్పింది. ఆడదాని నంబరు, ఊరందరి చేతుల్లో పడకూడని నంబరు, ఒక్కొక్క అంకే తలుపు దాకా వినబడేట్టు చెప్పింది. ఆమె చేతిలో ఫోను గుర్రుమంది. కోడు వచ్చింది.

సుకుమార్ ముఖం ఎర్రబడి ఉంది, పళ్ళు బిగించి ఉన్నాడు. అయినా ఆమె ఫోను గుర్రుమనగానే, ఇన్నేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది, రెండంగల్లో దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. "నీకు చేత కాదు. ఎంత వచ్చింది? ఇట్లియ్యి, నేను కొడతా."

కోమలి ఫోను మీద అరచెయ్యి కప్పుకుంది. ఊళ్ళలో ఆడవాళ్ళకు చెప్పేటప్పటి గొంతుతోనే, అంతే మెత్తగా, అంతే స్పష్టంగా అంది.

"ఎవరికీ చెప్పకూడదండీ."